సాయంత్రం పాలు

తరిగి గుంతలో పోసిన మొక్కజొన్న చొప్పను జెబివోత్ పొద్దుటి నుంచీ తొక్కుతూనే ఉంది. పిక్కలు పట్టేశాయి. లోపల గాలి మిగిలితే ఎండాకాలానికి దాచే మేతంతా బూజు పట్టిపోతుంది. గట్టు మీద ఆడామగా పదకొండు మంది రైతులు నిలబడి ఆమె కాళ్లవైపే చూస్తున్నారు.

రెండేళ్ల కిందట ఆమె మొదటి గుంత తవ్వినప్పుడు నవ్వింది వీళ్లే. పులిసిన గడ్డి తిని ఆవు తప్పతాగినట్టు ఊగుతుందన్నారు. ఎండాకాలం వచ్చేసరికి నంది కొండల్లో ఆవులన్నీ వట్టిపోతుంటే, ఆమె ఆవు మాత్రం పది లీటర్లకు తగ్గలేదు. అప్పుడు ఒక్కొక్కరే కత్తి అరువడిగే నెపంతో వచ్చి గుంతలోకి తొంగిచూసి పోయారు. ఈ ఏడు పాల కేంద్రం వాళ్లు ఆమెనే నేర్పమన్నారు. జీతం లేదు, ఒక టోపీ ఇచ్చారు.

మధ్యాహ్నం కేంద్రం మనిషి తూవేయ్ వచ్చాడు. వెంట ఆమె మొగుడు కిప్సెరెమ్. అందరి ఇళ్లలో పాలు పెరిగాయి కాబట్టి ఇవాళ్టి నుంచి పాల వ్యాను పొద్దునే కాక సాయంత్రం కూడా వస్తుందని తూవేయ్ చెప్పాడు. కేంద్రంలో సభ్యత్వం మగవాళ్ల పేరనే ఉంది, డబ్బూ వాళ్లకే. మగవాళ్లు సంతోషంగా తలలూపారు.

"అంతా నీ చలవే పంతులమ్మా," అన్నాడు తూవేయ్.

జెబివోత్ కాళ్లు ఆగిపోయాయి. ఆ ఊళ్లో పొద్దుటి పాలు మగవాడివి, సాయంత్రం పాలు ఆడదానివి. పిల్లల టీకి, సొరబుర్రలో పెరుగు తోడుకు పోగా మిగిలినవి అమ్మి ఆడవాళ్లు ఉప్పూ సబ్బూ తెచ్చుకుంటారు. ఆమె కూతురు జెలగత్ హైస్కూలు చదువు ఆ పాల మీదే నడుస్తోంది. తాతల నాటి నుంచీ ఏ మగవాడూ సాయంత్రం చెంబులోకి తొంగిచూడలేదు. తను నేర్పిన విద్యే తన నోటిదగ్గరి కూడు లాగేసింది.

"మరి ఇంట్లోకి?" అంది.

"కావలసినప్పుడు అడుగు. ఎప్పుడైనా కాదన్నానా?" అన్నాడు కిప్సెరెమ్.

"నేనెప్పుడు అడిగాను? అడగాల్సిన పనే పడలేదు."

జెబివోత్ గుంత కప్పి, పట్టా మీద మట్టి పోసి, కాళ్లు కడుక్కుంది.

ఐదింటికి రోడ్డు మీద వ్యాను హారన్ వినిపించింది. పాలు పిండటం కూడా చూపించమని రైతులు ఆగారు. కిప్సెరెమ్ తనే క్యాను కడిగి తెచ్చి పాకలో పెట్టాడు. ఈ పని చేయడం అతనికదే మొదలు. జెబివోత్ క్యాను దాటుకుంటూ వెళ్లి దూడ కొట్టం అడ్డకర్ర తీసేసింది. దూడ ఒక్క ఉరుకున వచ్చి పొదుగు కుమ్మింది.

"ఏంటే ఈ పని? దూడను విడిగా కట్టాలని ఊరందరికీ చెప్పింది నువ్వే కదా?" అన్నాడు కిప్సెరెమ్.

"చెప్పాను. పొద్దుటి పాలు నీవి, పిండి ఇస్తాను. సాయంత్రం పాలు మాత్రం నీ క్యానులోకి నా చేత్తో పిండను."

కిప్సెరెమ్ దూడ మెడతాడు పట్టుకున్నాడు గానీ, పదిమందిలో ఎటు లాగాలో తోచక అలాగే ఉండిపోయాడు.

కంచె దగ్గర నుంచి పొరుగింటి తాప్సుబెయ్ నోరు విప్పింది. ఆమె మొగుడు పక్కనే ఉన్నాడు.

"దూడనెంతసేపు వదలాలి, జెబివోత్?"

"దాని కడుపు నిండేదాకా."

తాప్సుబెయ్ సరేనని తలూపి ఇంటిదారి పట్టింది. ఆమె వెనకే మరో ఇద్దరు ఆడవాళ్లు కదిలారు.