తప్పుల్లేని తరగతి

ఆ ఏడాది లెక్కల మాస్టారి క్లాసులో తప్పులు లేవు. ఆరో తరగతి, ముప్పై ఇద్దరు పిల్లలు, అందులోనూ భిన్నాల పాఠం. అయినా ఒక్క తప్పు లేదు. ముప్పై ఐదేళ్ళ సర్వీసులో ఇలాంటి క్లాసు తనకు తగల్లేదని ఆయన స్టాఫ్‌రూములో రోజుకోసారైనా అనేవారు. "కాకిపిల్ల కాకికి ముద్దు" అని పెద్దమేడం నవ్వి ఊరుకునేవారు. పెద్దమేడం అంటే ఆ స్కూలు హెడ్మిస్ట్రెస్.

స్కూలు తెరిచేనాటికి మాస్టారు రిటైరు కావడానికి ఇంకా ఎనిమిది నెలలున్నాయి. ఆ ఎనిమిది నెలలూ ఎలాగోలా గట్టెక్కాలి. అందులో గట్టెక్కడానికేముందో ఆయన భార్యకూ కళ్ళ డాక్టరుకూ మాత్రమే తెలుసు. వేసవి సెలవుల్లో ఆయన చూపుకి నట్టనడుమ మచ్చ పడింది. మచ్చ చుట్టూ లోకం ఉంది: గోడలు, గుమ్మాలు, బెంచీలు, పిల్లల తలకాయలు. కానీ ఆయన దేనివంక సూటిగా చూస్తే అది మాయమయ్యేది. నడవగలరు, బస్సెక్కగలరు. చదవలేరు. పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

లెక్కల పుస్తకం ఆయనకు కంఠతా వచ్చు. బోర్డు మీద రాయడం చేతికి అలవాటే. ఎటొచ్చీ చిక్కల్లా నోటుబుక్కులతోనే. స్కూలు తెరిచిన రోజే దానికో నియమం పెట్టారు. ప్రతివాళ్ళూ పుస్తకం పట్టుకొచ్చి, జవాబు మీద వేలు పెట్టి, పైకి చదవాలి. "గొంతు పెగలాలర్రా! నోటికి రాని లెక్క చేతికి రాదు" అని బుకాయించారు. వాళ్ళు చదవడం, ఈయన విని ఆ వేలి పక్కన టిక్కు పెట్టడం. పరీక్షలొస్తే ఏం చెయ్యాలన్నది మాత్రం ఆలోచించడమే మానేశారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. మాస్టారూ అలాగే అనుకున్నారు.

మూడో నెలలో యూనివర్సిటీ విద్యార్థులు దిగారు. చుట్టుపక్కల స్కూళ్ళకు వెళ్ళి, చదువులో వెనకబడ్డ పిల్లలకు ఊరికే పాఠాలు చెప్పే కార్యక్రమం అది. క్లాసుకొకరు చొప్పున వారానికి రెండు మధ్యాహ్నాలు వస్తారు. ఐదుగురు పిల్లల్ని వెనక బెంచీకి తీసుకెళ్ళి చెప్పుకుంటారు. నెలాఖరుకు యూనివర్సిటీకి ఒక రిపోర్టు, స్కూలుకు దాని కాపీ. మాస్టారి క్లాసుకు వచ్చింది లెక్కలే చదువుతున్న ఓ అమ్మాయి. మొహం ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు. కిర్రుమనే చెప్పులు, గబగబా మాట.

"వెనకబడ్డ ఐదుగుర్ని నాకివ్వండి మాస్టారూ" అంది.

"నా క్లాసులో వెనకబడ్డవాళ్ళు లేరమ్మా."

"ఒక్కళ్ళు కూడానా?"

"ఉంటే ఇవ్వనూ? లేనివాళ్ళని ఎక్కణ్ణుంచి పుట్టించమంటావు?"

ఆ పిల్ల నవ్వేసింది. "పోనీ ఎవరో ఐదుగుర్ని ఇవ్వండి. ఉత్త చేతులతో వెళ్తే మా సార్ ఊరుకోరు."

చివరి బెంచీ ఐదుగుర్నీ అప్పగించారు మాస్టారు. పైకి దర్జాగానే అప్పగించారు. కానీ ఇకమీదట ఇరవై ఏళ్ళ కళ్ళు వెనకనుంచి తననే చూస్తుంటాయి. ఆ రోజు నుంచి కుర్చీలో నిటారుగా కూర్చోవడం మొదలుపెట్టారు. పుస్తకం మీదికి వంగడమే మానేశారు. చెవి మాత్రం వెనక బెంచీ మీదే ఉండేది. ఆ అమ్మాయి కాగితం మడిచి చింపిన చప్పుడు, "ఇందులో పావు ఏది, చూపించు" అన్న మాట, "తొందరేం లేదు, ఎలా చేశావో చెప్పు" అన్న మాట. "ఆ పిల్లకి చెప్పడం వచ్చు" అని రెండో వారం భార్యతో అన్నారు. మెచ్చుకుంటూనే భయపడ్డారు.

మూడో గురువారం ఆఖరి గంట కొట్టాక పిల్లలంతా వెళ్ళిపోయారు. చెప్పుల కిర్రు మాత్రం గుమ్మం వైపు పోకుండా బల్ల దగ్గరికి వచ్చింది. బల్ల మీద ఒక నోటుబుక్కు పడింది.

"ఇది చూడండి మాస్టారూ."

మాస్టారు పుస్తకం ముట్టుకోలేదు. "కళ్ళజోడు స్టాఫ్‌రూములో మర్చిపోయానమ్మా. నువ్వే చదువు."

అమ్మాయి మెల్లిగా అంది. "కళ్ళజోడు మీరు పెట్టుకునే ఉన్నారు మాస్టారూ."

బయట ఎవరో తుడిచిన నీళ్ళు బకెట్లోంచి పారబోశారు. తర్వాత ఆ అమ్మాయే పుస్తకం తెరిచి చదివింది. "మూడు బై నాలుగు ప్లస్ ఒకటి బై రెండు. జవాబు, నాలుగు బై ఆరు."

"పైవి పైవీ, కిందవి కిందవీ కలిపేశారా! ఎవరిదీ ఘనకార్యం?" అలవాటు కొద్దీ నోరు ముందు లేచింది.

"దాని పక్కన మీ టిక్కుంది."

"ఉండదు. ఆ లెక్కకి ఐదు బై నాలుగు కాని జవాబు ఎవరూ చదవలేదు. నా చెవులతో విన్నాను."

"చదివింది అదే. రాసింది ఇది." ఆమె పేజీలు తిప్పింది. ఇంకొకటి చదివింది. మరొకటి చదివింది. ఐదు పుస్తకాల్లో సగానికి సగం తప్పులు, అన్నిటికీ టిక్కులు. "మీరు పుస్తకం చూడకుండానే టిక్కులు కొట్టేస్తున్నారనుకున్నాను మాస్టారూ. ఒళ్ళు మండిపోయింది. రిపోర్టులో అదే రాశాను. పంపేముందు ఇవాళ పిల్లల్ని గట్టిగా అడిగాను. జవాబులు గువ్వ అందిస్తుందట."

గువ్వ మొదటి బెంచీలో కూర్చునే పొట్టి పిల్ల. ఎప్పుడూ గుసగుసలాడుతుందని ఆ పేరు మాస్టారే పెట్టారు. ఆ గుసగుసలు బెంచీ నుంచి బెంచీకి పాకుతాయని ఆయనకు తట్టనే లేదు.

"నన్ను మోసం చేశారా!" అని కుర్చీలోంచి లేచారు. "పాలు తాగే పిల్లలు, నన్ను..."

"స్కూలు తెరిచిన వారంలో ఎవరో తప్పు జవాబు చదివారట" అంది ఆ అమ్మాయి. ఇప్పుడామె మాటలో వేగం లేదు. "ఎక్కడ తప్పో చూపిద్దామని మీరు పుస్తకం మీదికి వంగారట. ముక్కు కాగితానికి తగిలేదాకా వంగి, వేలితో వెతికారట. చాలాసేపు వెతికారట." ఆమె పుస్తకం మూసేసింది. "'మాస్టారు అలా వెతుక్కుంటుంటే చూళ్ళేకపోయాం అక్కా' అన్నారు. ఇంకెవ్వరూ తప్పు చదవకూడదని ఆ రోజే ఒట్టేసుకున్నారట."

మాస్టారు కూర్చుండిపోయారు. ఆ రోజు ఆయనకూ గుర్తుంది. ఆ రోజు క్లాసంతా నిశ్శబ్దంగా ఉండటం, తనంటే భయం కాబోలని లోలోపల కాస్త గర్వపడటం కూడా గుర్తుంది. ముప్పై ఐదేళ్ళలో దొరికిన మేలైన క్లాసు! ముందు సిగ్గేసింది. ఆ వెనకే ఆ పిల్లలందరి మీదా పట్టలేనంత ప్రేమ ముంచుకొచ్చింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి ఏడ్చారు. చూపు పోయినా ఏడవడానికి పనికొస్తున్నాయి కళ్ళు.

"రిపోర్టు చింపేస్తాను మాస్టారూ" అంది ఆ అమ్మాయి. "రోజూ సాయంత్రం నేనొచ్చి పుస్తకాలు దిద్దుతాను. మూడో కంటికి తెలియదు. ఇంకో ఐదారు నెలలేగా."

మాస్టారికి ఆశ పుట్టలేదంటే అబద్ధం. ఉద్యోగం, గౌరవం, చివరి రోజు పిల్లలంతా వాకిట్లో నిలబడి సాగనంపడం, అన్నీ ఆ పిల్ల చేతిలో పెట్టి చూపిస్తోంది. కానీ మూడు బై నాలుగుకి ఒకటి బై రెండు కలిపితే నాలుగు బై ఆరు అని రాసిన చెయ్యి ఒకటుంది. ఆ చేతికి తన టిక్కు చెప్పింది, ఇదే సరైనదని.

"వాళ్ళు పదకొండేళ్ళవాళ్ళు. తెలియక చేశారు" అన్నారు చివరికి. "నువ్వూ నేనూ తెలిసి చెయ్యకూడదమ్మా. రిపోర్టు పంపించు. చూడకుండా కొడుతున్నారని రాశావు చూడు, అక్కడ మాత్రం దిద్దు. చూడలేక అని రాయి."

మర్నాడు పొద్దున్నే పెద్దమేడం గదికి వెళ్ళి, రిపోర్టు కంటే ముందు తనే చెప్పుకున్నారు. ఆవిడ పెన్నుకి మూత పెట్టి పక్కన పెట్టారు.

"ముందే చెప్పొచ్చుగా మాస్టారూ" అన్నారు. "ఇప్పుడు పైకి రాయక తప్పదు. రిటైరయ్యేదాకా ఉండనివ్వరు."

"ఆర్డరు రావడానికెన్నాళ్ళు?"

"రెండు వారాలు. మహా అయితే మూడు."

"చాలు. ఈలోగా భిన్నాలు అయిపోతాయి."

ఆవిడ అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. అది మాత్రం మాస్టారికి కనపడలేదు. "ఆ అమ్మాయి పక్కనుంటే క్లాసు తీసుకోండి" అన్నారు.

ఆ శుక్రవారం తన వంతు కాకపోయినా ఆ అమ్మాయి వచ్చింది. వచ్చి బల్ల పక్కన నిలబడింది. మాస్టారు బోర్డుకు ఆనుకుని నిలబడ్డారు.

"నాకు కళ్ళు కనపడవర్రా" అన్నారు.

మొదటి బెంచీలో గువ్వ తల దించుకుంది.

"మీకు తెలుసని నిన్ననే తెలిసింది. మీరు నాకోసం చేశారు, దానికి నేను బతికున్నన్నాళ్ళూ రుణపడి ఉంటాను. కానీ ఇవాళ నుంచి రాసిందే చదవాలి. తప్పు రాస్తే తప్పే చదవాలి. గువ్వా, నీకే చెప్తున్నా. ఆ నోరు కుట్టేసుకో."

ఎవరూ లేవలేదు. చివరికి వెనక బెంచీ నుంచి అడుగుల చప్పుడు వచ్చింది. నిన్నటి నోటుబుక్కు తాలూకు పిల్లే, క్లాసంతటికీ పొడుగమ్మాయి. బల్ల దగ్గర నిలబడి పుస్తకం తెరిచింది.

"నాలుగు బై ఆరు" అంది, వినీ వినపడనట్టు.

"తప్పు" అన్నారు మాస్టారు.

రెండు నెలలు దాటింది ఆ మాట ఆ గదిలో వినపడి. మొదటి బెంచీలో గువ్వ వెక్కివెక్కి ఏడుస్తోంది. మాస్టారు ఎర్ర పెన్ను తీసి చెయ్యి చాపారు. యూనివర్సిటీ అమ్మాయి ఒక అడుగు ముందుకు వేసింది. ఈలోగా పొడుగుపిల్లే ఆయన వేలు పట్టుకుని తను రాసిన జవాబు మీద పెట్టింది. మాస్టారు అక్కడ ఇంటు కొట్టారు. పాత టిక్కు దాని కింద పడిపోయింది.

"ముప్పావు గ్లాసు నీళ్ళున్నాయి. ఇంకో అర గ్లాసు పోశావు. నీళ్ళు పెరిగాయా, తగ్గాయా?"

"పెరిగాయి."

"నీ జవాబు ముప్పావు కన్నా తక్కువమ్మా. మరి నువ్వు పోసిన నీళ్ళేమయ్యాయి?"

"తాగేసింది మాస్టారూ!" అని ఎవరో అరిచారు. క్లాసంతా నవ్వింది. ఏడుస్తున్న గువ్వ కూడా నవ్వింది.

"ఎక్కడ తాగావో నేను వెతకలేను తల్లీ" అన్నారు మాస్టారు. "నువ్వే చెప్పాలి. ముందు ఏం చేశావు?"

పిల్ల పుస్తకం దగ్గరికి లాక్కుని మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టింది. మాస్టారు తల వంచి విన్నారు. వెనక బెంచీలు జరిగాయి. పిల్లలు తమ తమ తప్పులు పట్టుకుని ఒక్కొక్కరే వచ్చి వరసలో నిలబడ్డారు.