ఎవరూ అడగని కారప్పొడి

ఆ పిల్లను చూడగానే దైఫెన్‌కు కోపం వచ్చింది. ఆ పిల్ల చేసిన తప్పేమీ లేదు. వీపు మీద తనంత మూట వేసుకుని, చెమటలు కక్కుతూ, చైనాలోని జిగోంగ్ బజారులో ఇన్ని హోటళ్ళుండగా మధ్యాహ్నం రద్దీలో దైఫెన్, ఆమె మొగుడు నడిపే కుందేలు కూర హోటల్లోకే వచ్చి కూర్చుంది. ఒంటరిగా, ఎక్కడో డెన్మార్క్ నుంచి. ఈ పిల్లను కన్నతల్లి ఏ ధైర్యంతో పంపిందో, దారిలో జ్వరం వస్తే మంచినీళ్ళిచ్చే దిక్కెవరో అనుకుంటూ దైఫెన్ బల్ల తుడిచింది, అవసరానికి మించి గట్టిగా.

ఆ పిల్ల వచ్చీరాని చైనా భాషలో, దారంతా వల్లె వేసుకున్నట్టు చెప్పింది. "పిన్నీ, నాకు వేరుశనగ వద్దు. తింటే గొంతు వాస్తుంది. ఊపిరి ఆడదు. చచ్చిపోతాను. కారం మాత్రం ఎంతైనా వెయ్యండి."

దైఫెన్ బల్లగుడ్డ అక్కడే పడేసింది. వంటింట్లోకి పరుగెత్తి మొగుడితో చెప్పింది.

కైఫు బాణలి ఊపుతూనే నవ్వాడు. "వేరుశనగ తిని చచ్చినవాణ్ణి ఎక్కడైనా చూశావా? మన ఊళ్ళో పళ్ళు రాని పిల్లలు కూడా చప్పరిస్తారు. ఇష్టం లేదేమోలే. వెయ్యనుగా."

"నూనె సంగతి?"

"ఆవనూనేగా. నీకు తెలీదా? ఉరిమితే ఇల్లు కూలుతుందంటావు, పక్కింటోడు తుమ్మితే క్షయ అంటావు. పో, అక్కడ అన్నం అడుగుతున్నారు."

ఈ మాటలు ఆమెకు రోజూ ఉన్నవే. పళ్ళు కొరుక్కుంటూ బయటికి వచ్చింది. వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

అక్కడ ప్రతి బల్ల మీదా ఎవరూ అడక్కుండానే ఓ చిన్న గిన్నెలో కారప్పొడి ఉంటుంది. ఎండుమిరప, సిచువాన్ మిరియాలు, ఉప్పు, నువ్వులు, వేయించి దంచిన వేరుశనగ. దాన్ని తిండి కింద ఎవరూ లెక్కపెట్టరు. అందుకే కైఫుకు గుర్తు రాలేదు, ఆమెకూ రాలేదు. పక్క బల్ల లారీ డ్రైవరు పాంగ్ తన గిన్నెను ఆ పిల్ల ముందుకు జరిపి, "ఇది నంజుకోకపోతే మా ఊరు రానట్టే తల్లీ" అని మర్యాద చేస్తున్నాడు. ఆ పిల్ల నవ్వుతూ అన్నం తినే పుల్లల కొస అందులో ముంచబోతోంది.

దైఫెన్ గిన్నె లాగేసింది. "చెయ్యి తియ్యి పాంగన్నా."

అంతటితో ఆగలేదు. పళ్ళెం తీసుకుని బల్ల బల్లకూ తిరిగి గిన్నెలన్నీ ఎత్తేసింది.

"ఇదేం అన్యాయం వదినా, నా అన్నం ఇంకా సగంలో ఉంది" అన్నాడు పాంగ్.

"అన్నమే కదా సగంలో ఉంది, ప్రాణం కాదుగా."

"సర్కారు వాళ్ళు కారం మీద కూడా నిషేధం పెట్టారా ఏం?" అన్నాడు ఇంకొకడు. కిటికీ దగ్గరివాళ్ళు విసుక్కుంటూ లేచి వెళ్ళిపోయారు.

అప్పుడే కైఫు కూర పళ్ళెంతో బయటికొచ్చాడు. ఖాళీ బల్లలు చూసి మొహం నల్లబడింది. "మతిపోయిందా నీకు? ఆ పొడి కోసమే సగం మంది వచ్చేది." పళ్ళెం తెచ్చి ఆ పిల్ల ముందు ఠపీమని పెట్టాడు.

ఎర్రటి మిరపకాయల మధ్య కుందేలు ముక్కలు. వాటిపైన దంచిన వేరుశనగ పలుకులు. కూర పొయ్యి దిగుతుండగా చెయ్యి డబ్బాలోకి పోవడం అతనికి ఏళ్ళ అలవాటు. వెయ్యనని నోరు చెప్పింది, చెయ్యి వేసేసింది.

దైఫెన్ పళ్ళెం లాక్కుని ఎంగిలి బకెట్లో బోర్లించింది.

"చిటికెడే కదే. పైపైన తీసేస్తే పోయేది."

"నీ చేత్తో చంపి, నీ నోటితో చిటికెడే అంటావా?"

 ఆ పిల్ల లేచి నిలబడింది, మొహం కందగడ్డలా చేసుకుని. "నేను పరాయిదాన్నని లాక్కున్నారు. అన్ని ఊళ్ళలో ఇదే. నువ్వు కారం తినలేవు, తినలేవు అంటారు. నేను తినగలను."

"తినగలవు. చావగలవు కూడా. కూర్చో." దైఫెన్ బకెట్లో చెయ్యి పెట్టి, ఓ పలుకు ఏరి దూరం నుంచే చూపించింది.

ఆ పిల్ల పాలిపోయి కూర్చుంది.

దైఫెన్ సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. మొగుణ్ణి వంటింట్లోంచి వెళ్ళగొట్టింది. ఇంట్లో వాడుకునే బాణలి తెచ్చి ఉడుకునీళ్ళతో తోమి, కొత్త మిరపకాయల పొట్లం విప్పింది. కోపమంతా కూరలోనే పోసింది. ఘాటుకు ఆమె కళ్ళే మండాయి. "ఉన్న గిరాకీ కూడా పోయింది" అంటూ గడప బయట కైఫు సిగరెట్టు వెలిగించాడు, లోపలికి వినపడేలా. ఆమె గరిటెతో బాణలిని గట్టిగా కొట్టింది.

ఆ పిల్ల తింది. కళ్ళు, ముక్కు ధారలు కట్టాయి. ఎదురుగా కూర్చున్న దైఫెన్ ఆ పెదాల మీంచి చూపు తిప్పలేదు. అవి ఎర్రబడ్డాయి. కారానికా, వాపా?

"నాలుక చూపించు. ఊపిరి పీల్చు. గట్టిగా."

"కారం పిన్నీ. కారమే."

"వదినా, మరి నా గిన్నె?" పాంగ్ మెల్లగా అడిగాడు.

"ఈ పిల్ల గడప దాటేదాకా ఎవరికీ లేదు." ఆమె మళ్ళీ పిల్ల వైపు తిరిగింది. "మీ అమ్మకు ఫోన్ చెయ్యి. తిన్నానని చెప్పు."

"అక్కడింకా తెల్లారలేదు. నిద్రపోతూ ఉంటుంది."

"నిద్రా?" దైఫెన్ బల్ల మీది ఫోను తీసి ఆ పిల్ల చేతిలో కుక్కింది. "చెయ్యి ముందు."

మొదటి రింగు పూర్తికాకుండానే అవతల ఎత్తారు. ఒక ఆడగొంతు గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టింది. దైఫెన్‌కు ఒక్క ముక్క తెలియలేదు గానీ, అవి తిట్లేనని మాత్రం తెలిసింది.