పొడి సంతకం

ఎర్రదీపం కారును బజారు మొదట్లోనే ఆపించి, ఖీమానంద్ లోహనీ రాతిమెట్లెక్కి ‘డాండా సమాచార్’ ఆఫీసుకు నడిచి వెళ్లాడు. సంపాదకుడిగా ఇరవై రెండేళ్లు రోజూ ఎక్కిన మెట్లే. మంత్రి అయిన ఈ పద్నాలుగు నెలల్లో ఒక్కసారీ ఎక్కలేదు. ఇవాళ సగంలోనే ఆయాసం వచ్చింది. తప్పు మెట్లది కాదని ఆయనకు తెలుసు. జేబులో ఒక ఖండన ఉంది.

ఖండనలకు ఆ వారపత్రికలో ఒక పద్ధతి ఉంది. పెట్టింది ఆయనే. వార్త తప్పన్నవాడు, కలెక్టరైనా సారా కాంట్రాక్టరైనా, ఆఫీసుకు తానే రావాలి. కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని సొంత చేత్తో రాయాలి. వార్త రాసిన విలేకరి దాన్ని అక్కడున్న అందరి ముందూ పైకి చదవాలి. విన్నాక కూడా ‘అవును, ఇది నా మాటే’ అంటే, వార్త పడిన చోటే, అంత మేరా అచ్చు వేస్తారు. కొండ ఊళ్లలో చదువురాని ఆడవాళ్లు తమ గురించి ఎవరేం రాశారో చెవులారా వినాలని పెట్టిన పద్ధతి అది. తమ అబద్ధం తమ చెవినే పడేసరికి ఎందరు పెద్దమనుషులు కాగితం మడిచి జేబులో పెట్టుకుని జారుకున్నారో! వాళ్లు మెట్లు దిగాక ఖీమానంద్ కడుపుబ్బ నవ్వేవాడు.

పోయిన బుధవారం మొదటి పేజీలో పడ్డ వార్త ఇది: కాఫల్‌ధార్‌లో మద్యం దుకాణానికి మంత్రి లోహనీ ఆమోదం. పక్కనే ఫైలు ఫోటో. కాఫల్‌ధార్ అంటే వేరే ఊరు కాదు. పదిహేనేళ్ల కిందట ఆయన ఆడవాళ్లతో కలిసి నలభై ఒక్క రోజులు దుకాణం ముందు చాప వేసుకుని కూర్చుని, దాన్ని మూయించి, జైలుకు కూడా వెళ్లొచ్చిన ఊరు. ఆ పేరుతోనే కొండ ప్రాంతపు పార్టీ టికెట్టు వచ్చింది, ఓట్లు వచ్చాయి. పార్టీకి దక్కిన మూడు సీట్లే ప్రభుత్వానికి ఊతకర్ర అయ్యేసరికి కుర్చీ కూడా వచ్చింది.

మరి ఆ ఫైలు మీద సంతకం ఎలా పడింది? చెబితే నవ్విపోతారు. ఆ రోజు బల్ల మీద పద్నాలుగు ఫైళ్లున్నాయి. అందులో ఒకదాని నోటు చదువుతుంటే ఆయన చెయ్యి దురద పెట్టింది. చెప్పిందే చెప్పి, చుట్టు తిప్పి, పేజీన్నర సాగదీసిన నోటు. ఎర్రకలం తీసి సగానికి సగం కోసేశాడు. కోసిన ప్రతిచోటా, సంపాదకుడి అలవాటు కొద్దీ, అంచున పొడి సంతకం చేశాడు. చక్కగా వచ్చిందని మురిసిపోయాడు కూడా. పత్రికలో పొడి సంతకమంటే ‘ఈ దిద్దుబాటు నాది’ అని. సచివాలయంలో మంత్రి పొడి సంతకమంటే ‘సరే, కానివ్వండి’ అని. కాఫల్‌ధార్ పేరు మూడో పేరాలో ఉంది. ఆ వాక్యాన్ని కూడా కుదించాడాయన. ఆ రోజు ఆయనకు వాక్యం కనబడింది గాని ఊరు కనబడలేదు.

రద్దు చేద్దామని పరుగెత్తాడు. దుకాణం దక్కినవాడు ముఖ్యమంత్రికి కావలసినవాడు కావడంతో కుదరలేదు. ఇక పార్టీ అధ్యక్షుడు ఉర్బాదత్త్ ఉప్రేతీ నిన్న ఫోన్ చేశాడు.

“ఆ సంతకం నాది కాదు, దొంగ సంతకం అని రాసిచ్చెయ్యి, అంతే. వార్త రాసిన ఆ పిల్ల మీద కేసు మేం చూసుకుంటాం.”

“ఆ పిల్ల నా శిష్యురాలు, ఉప్రేతీ జీ.”

“అయితే రాజీనామా రాయి. రెండింట్లో ఏదో ఒకటి రేపు సాయంత్రంలోగా నా చేతిలో ఉండాలి. గాంధీ టోపీలు గూట్లో పెట్టుకో, ఎప్పుడైనా పనికొస్తాయి.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. రాత్రంతా నుయ్యి లోతెంతో, గొయ్యి లోతెంతో కొలుచుకుని, చివరికి ఉప్రేతీ రాయించి పంపిన ఖండనే జేబులో పెట్టుకుని వచ్చాడు.

లోపల హంసా మెహరా ప్రూఫులు చూస్తోంది. పదిహేడేళ్ల కిందట ఉత్తరం ముక్క రాయడం రాని పిల్లగా వచ్చి, ఇప్పుడు ఆయన కుర్చీలోనే కూర్చుని పత్రిక నడుపుతోంది. మూల బెంచీ మీద కాఫల్‌ధార్ పనులీ ఆమా ఉంది. ఆ ఊరి అవ్వ. కొడుకును తాగుడు మింగేసింది. నలభై ఒక్క రోజులూ ముందు వరసలో కూర్చున్నది ఆవిడే.

“రండి దాజ్యూ,” అంది హంసా లేచి. ‘అన్నా’ అని పిలిచే ఆ పాత పిలుపు వినగానే ఆయన చెయ్యి జేబులోని కాగితం మీదికి పోయింది.

“ఖీమాగాడా?” అంది ఆమా కళ్లు చికిలించి. “ఒళ్లు చేశావేంరా. కుర్చీ బాగానే మేపుతోందన్నమాట.”

“బాగున్నావా ఆమా?”

“మా ఊళ్లో దుకాణం బాగుంది. పొద్దున్నే తెరుస్తారు, గుడి కంటే ముందు.”

“ఖండన ఇవ్వడానికొచ్చాను,” అన్నాడు హంసా వైపు చూడకుండా.

ఆమె కిటికీ పక్క బల్ల తుడిచి, తెల్లకాగితం, కలం పెట్టింది. టీ తెప్పించనా అని అడిగింది. అదే ఆయన్ను ఎక్కువ బాధించింది. తిట్టినా బాగుండేది.

జేబులోని కాగితం తీసి, ఉప్రేతీ పంపిన ఆ మాటల్నే ఆయన సొంత చేత్తో రాసిచ్చాడు. హంసా బల్లకు ఇవతల నిలబడి చదవడం మొదలుపెట్టింది. గొంతులో కోపం లేదు, వణుకు లేదు. అలాగే చదవాలని నేర్పింది ఆయనే.

“‘ఆ ఫైలు మీది పొడి సంతకం నాది కాదు. ఎవరో నా చేతిరాతను అనుకరించి సృష్టించారు. నిజానిజాలు విచారించకుండా, ముందూ వెనకా చూడకుండా, దురుద్దేశంతో, దుర్బుద్ధితో, నాకు చెడ్డపేరు తేవాలని...’”

“ఆగాగు,” అన్నాడాయన చిరాగ్గా. “ఏంటా సాగదీత? దురుద్దేశం అన్నాక మళ్లీ దుర్బుద్ధి ఎందుకు? ఇలా ఇవ్వు.”

కాగితం లాక్కుని, బల్ల మీద ఎప్పుడూ ఉండే ఎర్రకలం అందుకుని, రెండు మాటలు కొట్టేసి, అంచున పొడి సంతకం చేశాడు. చేసి తలెత్తాడు.

హంసా ఆ సంతకాన్నే చూస్తోంది. ఆయన కూడా చూశాడు. చివర కొడవలిలా వంకర తిరిగిన అదే తోక. పోయిన బుధవారం పత్రిక బల్ల మీదే పరిచి ఉంది. ఫోటోలో ఏడు చోట్ల అదే తోక.



“ఏమైంది? మూగనోము పట్టారా ఇద్దరూ?” అంది ఆమా.

హంసా ఇంకో తెల్లకాగితం ఆయన ముందుకు జరిపింది. “మళ్లీ రాయండి దాజ్యూ. నేనేం చూడలేదు.”

“అప్పుడు నీ గతి?”

“అప్పుడు మీరున్న జైల్లోనే నేనూ ఉంటాను. పప్పులో రాళ్లుంటాయని మీరే చెప్పేవారు కదా.” నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. కళ్లు నిండాయి. “కానీ మళ్లీ దిద్దకండి. దిద్దకుండా ఉండలేరు మీరు.”

ఆయనకు సిగ్గేసింది. తన మీద తనకు ఒళ్లు మండింది. అబద్ధం రాయడం ఒక ఎత్తు, రాసిన అబద్ధానికి నగిషీ చెక్కడం ఇంకో ఎత్తు. తెల్లకాగితం పక్కకు తోసేశాడు. పాత కాగితం మీదనే, పైనుంచి కింది వరకూ, పనికిరాని రాతల మీద గీసినట్టు అడ్డంగా ఒక్క గీత గీశాడు. దాని పక్కన కూడా పొడి సంతకం చేశాడు.

“దీన్ని ఇలాగే ఫోటో తీసి అచ్చు వెయ్యి. వార్త పడ్డ చోటే, అంత మేరా.”

“చదివి వినిపించకుండా వెయ్యకూడదు,” అంది హంసా మెల్లగా. “ఏం చదవను? ఏం మిగల్చలేదుగా.”

ఆయన లేచి వెళ్లి ఆమా ముందు నేలమీద కూర్చున్నాడు. “నేను చెబుతాను విను, ఆమా. మీ ఊరి దుకాణం కాగితం మీద సంతకం నాదే. ఊరి పేరు చూడకుండా చేశాను. ఆ తర్వాత నాది కాదని అబద్ధం రాయబోయాను.”

ఆమా ఆయన మొహంలోకి చూసింది. జాలిపడలేదు.

“అయితే దుకాణం ఎప్పుడు మూస్తావు?”

“నా చేతిలో లేదు. రేపటి నుంచి మంత్రిని కూడా కాను.”

జేబులో ఫోన్ మోగడం మొదలెట్టింది. ఉప్రేతీ. ఆయన తియ్యలేదు.

ఆమా మోకాళ్లు పట్టుకుని లేచింది, కర్ర అందుకుంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

“సోమవారం నుంచి కూర్చుంటున్నాం, పొద్దున్నే. రా. ఈసారి చాప నువ్వే తెచ్చుకో. పోయినసారి నాది పట్టుకెళ్లి మళ్లీ ఇవ్వలేదు.”