కట్టలో మిగిలిన వేళ్లు

టిసా నది కట్టకు కాపలా ఉద్యోగం మా ఆయన ఆంబ్రుష్‌ది. ఉద్యోగంతో పాటే కట్ట పక్కన ఇల్లు. ఆయన తాతా, తండ్రీ కూడా ఆ ఇంట్లోనే ఉండి ఆ కట్టనే కాశారు.

ఆరేళ్ల కిందట, కట్ట మీది పాప్లర్ చెట్టు కొట్టేసి, వేళ్లతో సహా తవ్వి తీసి, గుంటలో బంకమట్టి దట్టించమని పైనుంచి ఆర్డరు వచ్చింది. చెట్టు కొట్టేసరికే ఆయనకు నడుం పట్టేసింది. "వేళ్లెక్కడికి పోతాయయ్యా? మట్టి కప్పెయ్. గడ్డి మొలిస్తే ఎవడు చూడొచ్చాడు?" అన్నాను. నా నోరు పడిపోను! ఆయన విన్నాడు. వేళ్లు తీసేశామని రిజిస్టరులో రాసి సంతకం పెట్టాడు.

ఈ మార్చిలో కొండల మీద మంచు కరిగి, నది కట్ట పై అంచుకు రెండు జానల కిందిదాకా వచ్చింది. ఒక పొద్దున ఊరి వైపు, కట్ట అడుగున నీళ్లు బుడబుడా ఉబికాయి. తేటగా వస్తే అంత భయం లేదు. బురదగా వస్తే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టే. ఇవి బురదగా వచ్చాయి.

కుర్ర ఇంజనీరు బెనెడెక్ వచ్చి చూశాడు. "ఎలక బొరియ అయ్యుంటుంది. చుట్టూ ఇసుక బస్తాలు పేర్చండి," అన్నాడు. పేర్చారు. నీళ్లు పక్కనుంచి తన్నుకొచ్చాయి. కట్ట కింద ఊళ్లో నాలుగొందల గడప. మా ఆయన పార పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"బెల్లం కొట్టిన రాయిలా నిలబడతావేం? చెప్పు!"

"చెబితే ఇల్లు పోతుందే," అన్నాడు మెల్లగా.

ఇక నేనే చెప్పాను. "ఎలకా లేదు, పిల్లీ లేదు బాబూ! చెట్టు కొట్టాం గానీ వేళ్లు తీయలేదు. అవి లోపల కుళ్లి గొట్టాలైపోయాయి. నది వైపు నుంచి నీళ్లు దూరుతున్నాయి. చోటు నేను చూపిస్తా, పదండి."

చెట్టున్న చోటికి సూటిగా, నది వైపు వాలు మీద టార్పాలిన్ పరిచి బస్తాలు వేశారు. మధ్యాహ్నానికి ఊట సన్నబడి తేటపడింది. ఊరు నిలిచింది.

"రిజిస్టరులో సంతకం ఎవరిది?" అని బెనెడెక్ అడిగాడు.

"నాదే," అన్నాడు మా ఆయన.

"వద్దన్నది నేను. నా పేరు రాసుకో బాబూ," అన్నాను.

"ఉద్యోగం ఆయనదమ్మా," అన్నాడా కుర్రాడు, నా మొహం చూడలేక.

మే నెలలో ఇల్లు ఖాళీ చేశాం. ఇప్పుడు ఊళ్లో అద్దెకుంటున్నాం. ఆంబ్రుష్ పొద్దున్నే లేచి, బూట్లు వేసుకుని, వెళ్లే చోటు లేక గుమ్మంలో కూర్చుంటాడు. "అంతా నీ వల్లే" అని ఇంతవరకు ఒక్క మాట అనలేదు. ఒక్కసారి నోరారా తిట్టిపోస్తే బాగుండును.