చమేలి ఎక్కిన బండి

నేను ఒక గుర్రాల బండిని. గుర్రం లాగే బండిని అనుకునేరు, నేను గుర్రాన్ని మోసే దాన్ని. ముందు డ్రైవరు క్యాబిను, వెనక రెండు గుర్రాలు పక్కపక్కన నిలబడేంత గది, మధ్యలో అడ్డుచెక్క. వెనక తలుపు కిందికి దించితే అదే గుర్రం ఎక్కే వాలుబల్ల. పక్కన పెద్ద గుర్రం బొమ్మ వేసి ఉన్నా, రోడ్డు మీద నన్ను చూసినవాళ్లలో సగం మంది ఐస్‌క్రీం బండి అనుకునేవారు. వాళ్ల పిల్లలే సరిగ్గా చెప్పేవారు.

నేను పుట్టింది విజయవాడ ఆటోనగర్‌లో. ఇంజను కంపెనీది, ఒళ్లు సాంబశివరావు మేస్త్రీది. ఆయన అప్పటిదాకా చేపల లారీలకూ స్కూలు బస్సులకూ బాడీలు కట్టినవాడు, గుర్రాన్ని దగ్గరగా చూసినవాడు కాదు. కొలతల కాగితంతో తృప్తి కలగక ఒకరోజు తానే నా లోపల చేతులూ మోకాళ్లూ ఆనించి, డ్రైవరును గుంతల రోడ్డు మీద తిప్పమన్నాడు. తిరిగొచ్చి నడుం పట్టుకుని దిగుతుంటే పక్క షెడ్డు వెల్డరు చూశాడు.

"ఏం మేస్త్రీ, కాసిని ఉలవలు ఉడకబెట్టించనా?"

"నవ్వుకో. మలుపులో గోడకేసి కొడతందిరా. మెత్త పెట్టకపోతే ఆ మూగజీవం డొక్క పగిలిపోద్ది."

ఆ మెత్తలు ఎవరూ అడగలేదు. ఆయనే కుట్టించి బిగించాడు. నన్ను కట్టినవాడు ఒక్క గంట గుర్రమై చూశాడన్న సంగతి నేను ఈనాటికీ మరచిపోలేదు.

తర్వాత పదకొండేళ్లు షామీర్‌పేట దగ్గర ఒక గుర్రాల ఫారంలో ఉన్నాను. పందెపు గుర్రాలను మోశాను. ఒక్కోదానికి ఒక్కో గొప్ప పేరు, బీమా, సొంత డాక్టరు. వాటిని కనిపెట్టుకుని ఉండే సైసు సర్వర్ మియాకు మాత్రం నాలో ఒక మడత కుర్చీ. దారి పొడవునా ఆయన గుర్రాలతో ఇంటి కబుర్లు చెప్పేవాడు. గెలిచిన గుర్రం, ఓడిన గుర్రం నాకు ఒకే బరువు. దించేటప్పుడు మనుషుల గొంతుల్లోనే తేడా తెలిసేది.

ఫారానికి ఏసీ బండి వచ్చింది. నన్ను కడిగి, పదిహేడు ఫొటోలు తీసి, ఆన్‌లైన్ వేలంలో పెట్టారు. 'ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే' అని కింద రాశారు. నా గురించి అంత నిజం అంతకుముందు ఎవరూ రాయలేదు. చూడ్డానికి వచ్చిన ఒకాయన అడ్డుచెక్క పీకేస్తే ఎన్ని చేపల పెట్టెలు పడతాయో లెక్క వేశాడు. ఇంకొకాయన నా కిటికీలో దోసెల పెనం ఊహించుకున్నాడు. వాళ్ల బతుకుతెరువు వాళ్లది, తప్పు పట్టను.

చివరిగా జనగామ నుంచి సోమనర్సయ్య వచ్చాడు. పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని పంపే మనిషి. వెంట కూతురు సుకన్య, డిగ్రీ చదివి మీసేవలో పనిచేస్తోంది. ఆయన ఇంజను మూత కూడా తెరవలేదు. లోపలికి ఎక్కి, చెప్పులు విడిచి, మడమతో నా నేలను మూల మూలా తన్నుకుంటూ వెళ్లాడు. "కర్ర గట్టిగుందే. కాలు దిగవడదు" అన్నాడు కూతురితో.

వాళ్ల తెల్ల గుర్రం చమేలి వానాకాలంలో పెళ్లి నుంచి వస్తూ లారీలో పడిపోయింది. ముందరి గిట్ట నిలువునా చీలింది. తారురోడ్డు మీద నడిస్తే ఇక ఎప్పటికీ నిలబడలేదన్నారు. హైదరాబాదులో గిట్ట బాగుచేసే డాక్టరు గురువారం రమ్మన్నాడు. ఆ రోజు తప్పితే మళ్లీ నెల తర్వాతే. చీలిక అన్నాళ్లు ఆగదు. ఇంకో లారీ ఎక్కించడానికి సోమనర్సయ్యకు ధైర్యం లేదు. గుర్రాల బండి అద్దెకు ఇచ్చేవాళ్లెవరూ ఖాళీగా లేరు.

వేలం ఎలా జరిగిందో తర్వాత వాళ్లు నాలో కూర్చుని చెప్పుకుంటుంటే విన్నాను. సుకన్య ఫోను పట్టుకుని కూర్చుంది. సోమనర్సయ్య పక్కనే నిలబడి, "పోటీకి వచ్చెటోడు ఎవడే? మొఖం గనవడదా?" అన్నాడట.

"గనవడదు నాయినా. నంబరే."

"మొఖం సూడకుంట ఎట్ల పాడుతరే? జర వానికి ఫోను గలుపు. మా గుర్రం కుంటుతున్నది అన్నా, ఇడిచిపెట్టు అని చెప్త."

"గట్ల చెప్పరాదు, నాయినా!"

ఆఖరి నిమిషంలో ఆ నంబరు మళ్లీ పాట పెంచింది. దాంతో వేలం గడువు ఇంకో అయిదు నిమిషాలు సాగింది. సుకన్య తాము ఇవ్వగలిగినంతా పాడేసి కళ్లు మూసుకుంది. అవతలి నంబరు ఆగిపోయింది. ఆయన చేపలవాడో దోసెలవాడో నాకు తెలియదు. ఆగినందుకు ఆయనకు నా దండం.

బుధవారం నన్ను జనగామ తోలుకొచ్చారు. బయలుదేరే ముందు ఫారంలో తాళాలు ఇస్తూ సర్వర్ మియా తన ఫోను నంబరు రాసిచ్చి, నా తలుపు మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయాడు. సోమనర్సయ్య సంతోషం పట్టలేక రెండు డబ్బాల ఫినాయిలు పోసి నన్ను గీసి గీసి కడిగాడు. పసుపు రాశాడు, అగరొత్తులు వెలిగించాడు, కొత్త వరిగడ్డి పరిచాడు. పదకొండేళ్లలో నాకు అలాంటి మర్యాద జరగలేదు.

గురువారం పొద్దున నన్ను పాక గుమ్మానికి ఆనించి వాలుబల్ల దించారు. చమేలి మూడు కాళ్ల మీద వచ్చింది. మూతి చాచి వాసన చూసింది. చెవులు వెనక్కి పెట్టి, ఒళ్లంతా వణుకుతూ పాకలోకి తిరిగిపోయింది. బెల్లం చూపినా రాలేదు. రెండోసారి ఎక్కించబోతే గిట్ట నుంచి నెత్తురు వచ్చింది. గంట గడిచింది. సోమనర్సయ్య వాలుబల్ల మీదే కూలబడ్డాడు. సుకన్య సర్వర్ మియాకు ఫోను చేసి స్పీకరు పెట్టింది.

"చాచా, ఎక్కుతలేదు."

"బండి కడిగిన్రా?"

"మంచిగ కడిగినం చాచా, ఫినాయిలు పోసి."

"అరె బిడ్డా, ఎంత పని జేసిన్రు! గుర్రం కండ్లతోని ఎక్కదమ్మా, ముక్కుతోని ఎక్కుతది. అండ్ల గుర్రం వాసనే లేకపాయె. దాని పాకల గడ్డి తీసి పరువున్రి. తడిగడ్డే. లద్దె గూడ. గోడలకు రాయున్రి."

సోమనర్సయ్య పసుపు బొట్ల వంక చూశాడు. "పూజ జేసిన బండే..." అన్నాడు.

"నీకు బండి గావాల్నా, చమేలి గావాల్నా?" అంది సుకన్య, అప్పటికే గంప ఎత్తుతూ.

తండ్రీకూతుళ్లు చేతులతోనే నన్ను మురికి చేశారు. పక్కింటి ఎల్లవ్వ గోడ మీంచి చూసి, "ఏందిరో సోమన్నా, బండి అలుకుతున్నవా, గొడ్ల కొట్టం అలుకుతున్నవా?" అని నవ్వింది. ఆయన ఇంకో గంప లద్దె తెచ్చి పోశాడు. పనయ్యాక తాడు వదిలేసి తానే ముందు ఎక్కాడు, చమేలికి వీపు తిప్పి నిలబడ్డాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత నా వాలుబల్ల మీద ఒక గిట్ట చప్పుడయింది. ఆగింది. ఇంకొకటి. చమేలి ఊపిరి ఆయన భుజానికి తగిలేదాకా ఆయన వెనక్కి చూడలేదు.

ఆసుపత్రిలో డాక్టరు చమేలి మోకాళ్లు తడిమి చూశాడు. "దారిలో పడలేదుగా?"

"పడలే సార్. నిలవడే వచ్చింది."

"అయితే ఇవాళే మొదలుపెడదాం."

చమేలిని లోపలికి తీసుకెళ్లారు. నేను ఆవరణలో నిలబడ్డాను. మధ్యాహ్నపు ఎండకు నా వాసన గేటు దాకా వెళ్లింది. వాచ్‌మన్ ముక్కు మూసుకుంటూ వచ్చాడు.

"ఏమయ్యా, బండిని అట్లనే పెట్టుకుంటరా? ఆడ నల్లా ఉంది, కడుక్కోరాదు?"

సోమనర్సయ్య నా వాలుబల్ల మీంచి లేవకుండానే రెండు చేతులూ జోడించాడు. "ఇప్పుడు కడగ సారూ, ఏమనుకోకు. అది మళ్ల ఎక్కాలె గద, ఇంటికి."