తగ్గిన నాలుగు కిలోలు

కామారెడ్డి ఆసుపత్రిలో ఒంట్లో కండ, కొవ్వు తూచే మిషన్ మీది నుంచి దిగీ దిగగానే మంగవ్వ, "ఎన్ని కిలోలు తగ్గిన బిడ్డా? ఊర్లె చెప్పుకోవాలె" అంది.

వ్యాయామం నేర్పే మేడం కాగితం చూసి పెదవి విరిచింది. "నాలుగు తగ్గినవ్ అవ్వా. కానీ అండ్ల మూడు కిలోలు కండే. కొవ్వు ఒక్క కిలోనే. అసలు తింటున్నవా?"

పక్కనే ఉన్న మనవరాలు సాయిలత తల దించుకుంది. మూడు నెలలుగా అవ్వ చేత వ్యాయామం చేయించింది తనే. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేపింది, ఇసుక నింపిన సీసాలు ఎత్తించింది. వారం వారం తూకం వేసి నోటుబుక్కులో రాసింది. అంకె తగ్గినప్పుడల్లా ఇద్దరూ మురిసిపోయారు. ఇంకా తగ్గాలని అవ్వ సోమవారం ఒక్కపొద్దు ఉపవాసానికి గురువారం, శనివారం కూడా కలుపుకుంది. దేవుడూ మెచ్చుతాడు, మోకాళ్ల మీద బరువూ తగ్గుతుందని ఆమె లెక్క. నెల కింద మేడం ఫోన్ చేసి తిండి గురించి అడిగితే, సాయిలత ఒక్కపొద్దుల మాట చెప్పలేక "ఆఁ, తింటుంది" అని ఫోన్ పెట్టేసింది.

"పూటపూటకు పప్పో, గుడ్డో, పెరుగో ఉండాలె. తిండి లేకుంట కసరత్తు చేస్తే కండ కరిగిపోతది" అంది మేడం.

ఇద్దరూ ఎల్లారెడ్డి బస్సెక్కారు. మంగవ్వ బెంగంతా మరునాటి వరినాట్ల గురించే. మోకాళ్లు పట్టేసి రెండేండ్లుగా నాట్లకు పోలేదు. "ఇంట్ల కూసుంటే గోడలు ముచ్చట పెడ్తయా?" అని రోజూ గునుస్తుంది. నాట్ల గుంపును నడిపే భూదవ్వ ఒక షరతు పెట్టింది: కింద కూర్చుని, చెయ్యి ఆనకుండా లేస్తే ఆటోలో చోటు.

గురువారం పొద్దున్నే ఆటో వాకిట్లో ఆగింది.

"ఏది అక్కా, లెవ్వు సూస్త!" అంది భూదవ్వ.

మంగవ్వ కూర్చుంది. పండ్లు బిగబట్టి సగం దాకా లేచింది. తొడలు వణికాయి. చెయ్యి దానంతటదే నేలకు ఆనింది.

"బురదల గిట్ల పడితె నిన్ను లేపుడే మా పనైతది. పైసారి సూద్దం తియ్యి."

ఆటోలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆటో కదిలింది.

మంగవ్వ మనవరాలి మీదికి తిరిగింది. "సదువుకున్నదానివి గదనే! తూకం రాసుడే గని, తినమని చెప్పొద్దా?"

"తప్పు నాదే!" సాయిలత గొంతు పగిలింది. "మేడం అడిగితె చెప్పలే. నాకు భయమైంది. గని నువ్వు గా ఒక్కపొద్దులు ఇడువకపోతె, పైసారికి మంచంల కెంచి గూడ లెవ్వవు!"

మంగవ్వ నోరు తెరిచి చూసింది. ఈ పిల్ల అరవడం ఆమె ఎన్నడూ వినలేదు.

"గీ గొంతు మేడంతోని మాట్లాడినప్పుడు యాడ వోయింది?"

సాయిలత కండ్లు తుడుచుకుంది.

"పెసర్లు నానవోసినవా?" అంది మంగవ్వ.

"లేదు."

"మరి ఒర్రుడెందుకు? పో, నానవొయ్యి. సోమారం ఒక్కపొద్దు మాత్రం ఇడువ, ముందే చెప్తున్న."