స్టీరింగ్ కింద మువ్వలు

ఫోను మోగేసరికి యోగేశ్వరన్ రెండో దోసె మీద ఉన్నాడు. అవతల పాత సామాన్ల టాన్. "దొరికింది" అని ఒక్క ముక్క చెప్పి, ఎప్పుడొచ్చి పట్టుకెళ్తావని అడిగి, జవాబు వినకుండానే పెట్టేశాడు.

చట్నీ చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి యోగేశ్వరన్ లేచి నిలబడ్డాడు. వంటింటి గుమ్మంలోకి వచ్చిన కల్పన అతని మొహం చూసే పోల్చుకుంది.

"స్టీరింగేనా?"

"కాలమ్ మొత్తం. చక్రం నుంచి కింది జాయింటు దాకా, వైర్లతో సహా. మన బండి రకమే, కొంచెం తర్వాతి మోడల్."

"అయితే మూడోది నేతి దోసె" అని ఆమె మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

పెళ్ళయి ఆరు నెలలు. కాకినాడ నుంచి సింగపూరు వచ్చి, చాంగీలో ఒక బ్యాంకు వాళ్ళ కంప్యూటర్ విభాగంలో చేరింది కల్పన. విమానం దిగిన ప్రతి నలుగురిలో ఒకడు ప్రోగ్రామర్ అని జనం నవ్వుకునే రోజులవి. ఆఫీసులో ఏం చేస్తుందో యోగేశ్వరన్‌కు పెద్దగా అర్థం కాదు గానీ, ఇంట్లో ఆమె సంబరం మాత్రం బాగా తెలుసు. లిఫ్టులో అద్దం ఉంటే సంబరం. కిటికీ కడ్డీలకు గుచ్చిన వెదురు కర్ర మీద చీర ఆరేసి, పదకొండో అంతస్తు నుంచి అది ఎగురుతుంటే చూడటం సంబరం. మలేషియాలోని పేరాక్ రబ్బరు తోటల్లో పుట్టి, మాట నిండా అరవమూ మలయూ కలిసిపోయి, చివర ‘లా’ అని తగిలించే ఈ ఇంటి తెలుగు వినడం అన్నిటికన్నా సంబరం.

సోఫాలో కూర్చున్న యోగేశ్వరన్ తండ్రి జానకిరామయ్య పేపరు మడిచాడు. పనివాళ్ళను తువాస్ ఓడల యార్డులకు చేరవేసే రెండు లారీలే ఆయన వ్యాపారమంతా. అందులో ఒకటి మూడు నెలలుగా షెడ్డులో పడి ఉంది; మిగతా రిపేర్లన్నీ అయ్యి స్టీరింగ్ ఒక్కటే మిగిలింది.

"సాయంత్రం టాన్ వచ్చి పాత కాలమ్ ఎత్తుకుపోతాడు. కొత్తది ఇస్తే పాతది ఇవ్వాల, అది వాడి పద్ధతి. నేను మాట ఇచ్చినా."

"సరి నైనా. ఈ రోజే బిగించేస్తా."

కల్పన దోసె తెచ్చి కంచంలో వేసింది. వేసి, అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "వీరాస్వామి గారి కోర్టు రేపే కదండీ" అంది.

 నేతి దోసె ఎవరికీ రుచించలేదు.

వీరాస్వామి ఆ లారీ డ్రైవరు. టెక్కలి పక్క పల్లెటూరి మనిషి. మూడు నెలల కిందట ఒకనాడు ఇంకా తెల్లవారకముందే డార్మిటరీ నుంచి యార్డుకు మనుషుల్ని ఎక్కించుకుని వెళ్తుంటే, మలుపు దగ్గర లారీ తిరగకుండా నేరుగా వెళ్ళి చెట్టుకు గుద్దుకుంది. వెనక అంచున కూర్చున్న ఉపేంద్ర ఎగిరి పడి అక్కడికక్కడే పోయాడు. ఉపేంద్రది వీరాస్వామి ఊరే. సింగపూరు రమ్మని వాళ్ళమ్మ దగ్గర కూర్చుని ఒప్పించి తీసుకొచ్చింది వీరాస్వామే.

"లైట్లు టక్కున పోయాయి బాబూ. ఇంజను ఆగిపోయింది. స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయింది" అని వీరాస్వామి కనబడ్డ వాళ్ళందరికీ చెప్పాడు. బండిని పరీక్షించిన వాళ్ళు బ్రేకులు చూశారు, చక్రాలు చూశారు, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ముందు భాగమంతా నుజ్జయి, బ్యాటరీ పగిలి, ఫ్యూజులు మాడిపోయిన బండిలో లైట్లు ఎప్పుడు పోయాయో ఎవరు చెప్పగలరు. పైగా ముందురోజు వీరాస్వామి ఓవర్‌టైమ్ చేశాడు. నిద్రపోయాడన్నారు. జానకిరామయ్య కూడా అదే అన్నాడు. యోగేశ్వరన్ కూడా అదే అనుకున్నాడు. నిద్రపోయానని కోర్టులో ఒప్పేసుకుంటే శిక్ష తగ్గుతుందని లాయరు చెబితే, కొన్నాళ్ళు తల అడ్డంగా ఊపి, చివరికి వీరాస్వామి సరేనన్నాడు. రేపు కోర్టులో ఆ మాట చెప్పాలి.

*

షెడ్డుకు యాకూబ్ ముందే వచ్చి కూర్చున్నాడు. జనగామ మనిషి, యార్డులో వెల్డరు, డార్మిటరీలో వీరాస్వామి పక్క మంచం. ఆదివారం సెలవు పూట సాయం చేస్తానని తనే అన్నాడు.

"ముందుగాల బ్యాటరీ వైరు పీకుదాం అన్నా. లేకుంటే చేతులు కాలుతయి."

చక్రాలు తిన్నగా పెట్టారు. స్టీరింగ్ కింది కడ్డీ, చక్రాలను తిప్పే గేరు పెట్టెతో కలిసే జాయింటు మీద యోగేశ్వరన్ సుద్దముక్కతో గీత గీశాడు. తిరిగి బిగించేటప్పుడు గీత గీతకు కలవకపోతే చక్రం ఒక దిక్కు, బండి ఒక దిక్కు అవుతుంది. యాకూబ్ బండి కింద దూరి తుప్పు పట్టిన జాయింటు బోల్టుతో కుస్తీ మొదలుపెట్టాడు. కనిపిస్తున్నవి అతని కాళ్ళే.

"బోల్టు కాదన్నా ఇది, మా అత్త. ఎంత బతిమిలాడినా కదుల్తలేదు."

"నూనె పొయ్యి."

"అత్తకా?"

యోగేశ్వరన్ నవ్వుతూ చక్రం ఊడదీశాడు. వంగిపోయిన కాలమ్ చూస్తే నవ్వు ఆగిపోయింది. గుద్దుకున్నప్పుడు వీరాస్వామి ఛాతీ తగిలి అలా వంగింది.

టాన్ ఇచ్చిన కాలమ్ పక్కన పెట్టి చూస్తే ఇనుమంతా సరిపోయింది గానీ వైర్ల చివర ప్లగ్గులు వేరు. పాతవి చదరం, కొత్తవి పొడుగు. అంటే పాత కాలమ్ ప్లగ్గులు వైరు తోకలతో సహా కోసి, కొత్త కాలమ్ వైర్లకు ఒక్కొక్కటే అతకాలి. ఏ వైరు తాళంచెవికి పోతుందో, ఏది లైట్లకో, ఏది హారనుకో చూసుకోవాలంటే పాత కాలమ్ ప్లాస్టిక్ మూత విప్పక తప్పదు.

విప్పాడు.

లోపల తాళంచెవి దగ్గరి వైర్లు నల్లగా మాడి ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. వాటి మధ్యలో ఏదో మెరిసింది. దుమ్ము తుడిచాడు. సన్నటి వెండి గొలుసు. ఒక కొస వైరులోని రాగికి కరిగి అతుక్కుపోయింది. రెండో కొసకు రెండు మువ్వలు వేలాడుతున్నాయి.

కల్పన పట్టీ.

యోగేశ్వరన్ తాత పేరాక్ తోటలో ఎడ్లబండి తోలేవాడు. ఇంటికి కొత్త కోడలు వస్తే ఆమె చేతితో ఎద్దు మెడకు కొత్త మువ్వల పట్టెడ కట్టించేవాడట. ఎడ్లు పోయి లారీలు వచ్చినా జానకిరామయ్య ఆ ఆచారం మానలేదు. పెళ్ళయిన కొత్తలో బస్సు దిగుతుంటే కల్పన కాలి పట్టీ తెగిపోయింది. అతికిస్తానని యోగేశ్వరన్ తీసుకుంటే, ఆయన మురిసిపోయి అడ్డొచ్చాడు. అతకొద్దు, బండికి కట్టు, అమ్మాయి వచ్చిన వేళ బాగుంది అన్నాడు. ఆ ఆదివారం ఇక్కడే, ఇదే షెడ్డులో, వీరాస్వామి దాన్ని ఎర్రదారంతో స్టీరింగ్ చక్రం కింద కాలమ్‌కు చుట్టాడు. తిప్పినప్పుడల్లా మువ్వలు మోగాయి. కల్పన చప్పట్లు కొట్టింది.

ఎర్రదారం ఎప్పుడో అరిగి తెగి ఉంటుంది. గొలుసు చక్రం కింది సందులోంచి మూతలోకి జారి, తిప్పిన ప్రతిసారీ వైరు తొడుగును కొంచెం కొంచెంగా కోసింది. వెండి రాగికి తగిలిన రోజు బండిలో కరెంటు మొత్తం పోయింది. లైట్లు పోయాయి, ఇంజను ఆగింది, ఇంజను ఆగితే స్టీరింగ్‌కు సాయం ఉండదు. రాయిలా బిగుసుకుపోతుంది.

వీరాస్వామి అక్షరం పొల్లు పోకుండా చెప్పాడు.

"అన్నా" అన్నాడు కింది నుంచి యాకూబ్. "మూత ఇప్పినవా? వీరన్న ఒక్కటే అడగమన్నడు. రేపటి ముచ్చట రేపు, ఒక్కసారి వైర్లు చూడుండ్రి అన్నడు. ఏమన్న కనబడ్డదా?"

యోగేశ్వరన్ చెయ్యి గొలుసు మీద ఉంది. ఇంట్లో కిటికీ దగ్గర ఎగిరే చీర గుర్తొచ్చింది.

"ఏం లేదు" అన్నాడు.

కింద స్పానర్ మళ్ళీ కదిలింది.

"గంతే మరి. నిద్రనే అయ్యుంటది" అన్నాడు యాకూబ్. "ఆయన గుడ గట్లనే అంటుండు ఇప్పుడు. నిద్రపోయిన్నేమో యాకూబూ, నాకే యాదికి లేదేమో అంటుండు."

యోగేశ్వరన్ గొలుసును లాగాడు. సగానికి తెగి, మువ్వలున్న ముక్క చేతిలోకి వచ్చింది. మిగతాది రాగిని వదల్లేదు. ముక్కను జేబులో వేసుకుని, మాడిన చోటు మీద మూత పెట్టేశాడు. ప్లగ్గుల తోకలు దానికి దూరంగా కోసుకున్నాడు. ఆ తర్వాత పనంతా చేతులే చేశాయి. వైరు తొడుగు ఒలవడం, మెలిపెట్టడం, టేపు చుట్టడం. ఒకసారి హారను వైరును లైటు వైరుకు కలిపి మళ్ళీ విప్పాడు. అతను అలాంటి పొరపాటు చేసే మనిషి కాదు.

*

కల్పన, జానకిరామయ్య టిఫిన్ డబ్బాలతో వచ్చేసరికి కొత్త కాలమ్ కూర్చుంది. సుద్దగీతలు కలిశాయి. తాళంచెవి తిప్పగానే బండి దగ్గి, పొగ కక్కి, అందుకుంది. లైట్లు వెలిగాయి. జానకిరామయ్య తనే హారను కొట్టి చూశాడు.

"పోయిన ప్రాణం లేచొచ్చింది రా" అన్నాడు. అన్నాక, ఆ మాట వాడకుండా ఉండాల్సిందనిపించి మొహం తిప్పుకున్నాడు.

యాకూబ్ చేతులు కడుక్కోవడానికి వెనక కుళాయి దగ్గరికి వెళ్ళాడు. కల్పన మెట్టు ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చుని, చక్రం అటూ ఇటూ తిప్పి, "చప్పుడే లేదండీ, బోసిగా ఉంది" అంది. హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పొట్లం తీసింది. "అందుకే రెండోది తెచ్చాను. ఒంటి పట్టీ నేనేం చేసుకుంటాను?"

ఆమె వంగి, చక్రం కింద గొలుసు చుట్టబోయింది.

"వద్దు" అన్నాడు యోగేశ్వరన్.

ఆ గొంతుకు ఆమె చెయ్యి గాల్లోనే ఆగింది. అతను జేబులోంచి మాడిన ముక్క తీసి, సీటు మీద, ఆమె తెచ్చిన పట్టీ పక్కన పెట్టాడు. మువ్వలు ఒక్కసారి మోగి ఊరుకున్నాయి. చెప్పాల్సినది నాలుగు మాటల్లో చెప్పాడు. ఇంకా సగం వైరుకే అతుక్కుని ఉందని కూడా చెప్పాడు.

కల్పన రెండింటినీ చేతిలోకి తీసుకుని ఆ నల్లటి కొసను చూసింది.

"పైన కడతానన్నారు వీరాస్వామి గారు" అంది. "ఇంకొంచెం కిందికి కట్టండి, తిప్పినప్పుడల్లా మోగాలి అని నేనే అన్నాను. ఎంత ముచ్చటపడి కట్టారో."

"కట్టమన్నది నేను" అన్నాడు జానకిరామయ్య.  లారీ పక్కన పట్టుకుని నిలబడి గొంతు తగ్గించాడు. "వినండి ఇద్దరూ. టాన్ ఇప్పుడు వస్తాడు. పాతది ఎత్తుకుపోతాడు, రేపటికి ముక్కలు చేస్తాడు. వీరాస్వామి లాయరు అంతా మాట్లాడి పెట్టినాడు. ఇప్పుడు కదిలిస్తే బండి మీద వస్తుంది, నా మీద వస్తుంది, ఈ అమ్మాయి మీద వస్తుంది. వచ్చి ఆరు నెలలు కాలే, కోర్టులో నిలబెడతావా? ఎవరూ కావాలని చేసింది కాదు లా."

"ఆయన కూడా కావాలని చెయ్యలేదు కదా మామయ్యా" అంది కల్పన. "ఆయన అసలేమీ చెయ్యలేదు."

"ఉపేంద్ర తిరిగొస్తాడా?"

 కల్పన కిందికి దిగి, మెట్టు మీద కూర్చుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. ఏడవలేదు. యోగేశ్వరన్ ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, చేతికున్న గ్రీజు చూసి ఆగిపోయాడు.

బయట లారీ ఆగింది. టాన్ బనీను మీదే దిగి, చెమట తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. "మకాన్ అయిందా అందరిదీ, తిన్నారా?" అని పలకరించి, మూల పడున్న పాత కాలమ్ వైపు నడిచాడు. దాన్ని ఎత్తబోయేలోగా యోగేశ్వరన్ వెళ్ళి దానికీ అతనికీ మధ్య నిలబడ్డాడు.

"ఇది ఇవ్వను అంకుల్."

"ఏంది? మీ నాన్న మాటిచ్చాడు లా."

"గోడ పక్కనున్న ఆ పాత గేరు పెట్టె తీసుకుపో. దీనికన్నా బరువు."

టాన్ జానకిరామయ్య వైపు చూశాడు. ఆయన ఎటూ చూడలేదు. టాన్ భుజాలెగరేసి, గేరు పెట్టెను ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

తువాలుతో చేతులు తుడుచుకుంటూ యాకూబ్ వచ్చాడు. యోగేశ్వరన్ పాత కాలమ్ పక్కన గొంతుకూర్చుని మూత తీశాడు. "యాకూబ్, ఇందాక నీతో అబద్ధం చెప్పినా. చూడు" అన్నాడు.

యాకూబ్ వంగి చూశాడు. వేలితో ముట్టుకున్నాడు.   నెమ్మదిగా నేల మీద కూర్చున్నాడు.

"మూడు నెల్లసంది ఆయన పండుకుంటలేడన్నా" అన్నాడు. "కన్ను మూతపడితే ఉలిక్కిపడి లేస్తడు. నిద్రపోతే ఇంకెవడు సస్తడో అని భయం ఆయనకు."

కల్పన లేచి వచ్చింది. చేతిలోని రెండింటినీ, మాడిన ముక్కనూ మాడని పట్టీనీ, రుమాలులో మూటకట్టి యోగేశ్వరన్‌కు ఇచ్చింది.

అతను కాలమ్‌ను గోనెపట్టాలో చుట్టి, తాడు బిగించి, లారీలో తన సీటు పక్కన నిలబెట్టాడు.

"పొద్దున మనుషుల్ని ఎక్కించుకోవద్దు నైనా, రేపు బండి యార్డుకు పోదు" అన్నాడు. "యాకూబ్, వీరాస్వామిని తయారుగా ఉండమను. తెల్లారేసరికి నేనూ కల్పనా డార్మిటరీ గేటు దగ్గర ఉంటాం. ముందు లాయరింటికి పోయి ఇది చూపిస్తాం. అక్కడి నుంచి అందరం కలిసే కోర్టుకు."